మొహుల్‌పహాడీ పాస్టరు కాగితాలు

పాల్ ఓలాఫ్ బోడింగ్ 1865 నవంబరు 2న నార్వేలోని యోవిక్ పట్టణంలో పుట్టాడు. దైవశాస్త్రం చదువుకుని, 1890లో లూథరన్ మిషనరీగా సంతాల్ పరగణాలకు వచ్చి, 1934 దాకా ఉండిపోయాడు. ఇప్పటి జార్ఖండ్‌లో దుమ్కాకు దగ్గర్లో ఉన్న మొహుల్‌పహాడీ అనే చిన్న ఊరు అతని నివాసం. ఆ కాలంలోనే దక్షిణాన సాక్చీ పల్లె జంషెడ్‌పూర్‌గా మారింది. ఉక్కు ఫ్యాక్టరీ చుట్టుపక్కల సంతాల్ ఆదివాసులతో పాటు దూరాన ఉన్న తెలుగువాళ్లనూ పనికి రప్పించుకుంది. మొహుల్‌పహాడీలో మాత్రం అలాంటి హడావుడి ఏమీ లేదు. అక్కడ జరిగిందల్లా వినడం, రాసుకోవడం.

బోడింగ్ చేరిన మిషన్ 1867లో బెనగరియాలో మొదలైంది. సిదో, కాన్హూల నాయకత్వంలో జరిగిన 1855 నాటి సంతాల్ తిరుగుబాటుకు అప్పటికి పన్నెండేళ్లే. స్థాపకుల్లో బోరెసెన్ డెన్మార్క్ వాడు, స్క్రెఫ్స్‌రూడ్ నార్వే వాడు. స్క్రెఫ్స్‌రూడ్ వయసులో ఉండగా దొంగతనం చేసి జైలుకు వెళ్లిన మనిషి. బయటికొచ్చి మత ప్రచారంలో పడి, 1873 నాటికి సంతాలీ వ్యాకరణం అచ్చువేశాడు. కోలేయాన్ అనే వృద్ధ గురువు చెప్పిన పూర్వాచారాలను సంతాలీలోనే రాయించి 1887లో ప్రచురించాడు. బోడింగ్‌కు దారి వేసింది ఆ పుస్తకమే. దానికి అతను చేసిన ఇంగ్లీషు అనువాదం అతను పోయాక, 1942లో ఓస్లోలో వెలువడింది.

చర్చి పనిలో బోడింగ్ సాధించింది తక్కువేం కాదు. 1914లో పూర్తయిన సంతాలీ బైబిలు వెనక అతని శ్రమ ఉంది. అయినా పండితలోకం అతన్ని గుర్తుపెట్టుకున్నది కథల వల్ల, మందుల వల్ల, నిఘంటువు వల్ల. కథల్లో ఎక్కువ భాగం సేకరించింది సాగ్రామ్ ముర్మూ అనే సంతాలు. జనం చెబుతుంటే విని, మిషన్ వాళ్లు అలవాటు చేసిన రోమన్ లిపిలో కాగితం మీద పెట్టాడు. ఐ.సి.ఎస్. అధికారి బొంపాస్ ఆ కథలను అనువదించి 1909లో ఇంగ్లీషు పుస్తకంగా తెచ్చాడు. సంతాలీ పాఠం మాత్రం చాలాకాలం అచ్చుకు నోచుకోలేదు. 1925–29 మధ్య ఓస్లో నుంచి మూడు సంపుటాలు వచ్చాకే ఒక పేజీలో సంతాలీ, ఎదుటి పేజీలో ఇంగ్లీషు కనిపించాయి. ఆ పేజీల్లో కథనం సంతాలులదే. బోడింగ్ సవరించాడు, వ్యాఖ్య చేర్చాడు.

వైద్యం మీద రాసిన గ్రంథం ఇంకా విచిత్రమైనది. దాన్ని బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ మూడు భాగాలుగా ప్రచురించింది. ఓఝాలనే భూతవైద్యుల మంత్రాలు, భూతాలు, మంత్రగత్తెల మీద నమ్మకాలు మొదటి భాగంలో ఉన్నాయి. రెండో భాగంలో మూడు వందలకు పైగా మందులు: ఏ జబ్బుకు ఏ వేరు, దేనితో కలిపి నూరాలి, ఎలా పుచ్చుకోవాలి అన్నవి. మొక్కకు సంతాలీ పేరు, పక్కనే వృక్షశాస్త్ర నామం. తన మతం భూతవైద్యమని తోసిపుచ్చే విద్యను ఒక పాస్టరు ఇంత ఓపికగా రాసిపెట్టడం మామూలు విషయం కాదు. 1929–36 మధ్య అయిదు సంపుటాలుగా వచ్చిన నిఘంటువుదీ అదే ధోరణి. ఒక మాట కోసం పేజీ తిప్పితే ఆచారమో, ఇంటి సామానో, పొలం పనో ఎదురవుతుంది.

ఈ పుస్తకాల వెనకున్న రాతప్రతులు ఓస్లోకు చేరాయి, ఇప్పుడు నార్వే జాతీయ గ్రంథాలయంలో ఉన్నాయి. అతను సేకరించిన వస్తువులు కూడా అక్కడి మ్యూజియానికే వెళ్లాయి. వాటిలో పొలాల్లో దొరికిన రాతి గొడ్డళ్లున్నాయి. పిడుగుతో పాటు పడ్డవని జనం అనుకునే రాళ్లవి. తెలుగువాళ్లకు ఇక్కడ సి.పి. బ్రౌన్ గుర్తుకు రావడం సహజం. ఆయనా కడపలో పండితులను జీతానికి పెట్టుకుని తాళపత్రాలకు నకళ్లు రాయించాడు. కానీ ఆ ప్రతులు మద్రాసులో మిగిలాయి, వాటి కోసం సముద్రం దాటాల్సిన పని లేకపోయింది. సంతాలీ చదివే వాళ్లకు ఆ వెసులుబాటు లేదు. పోతే, మొహుల్‌పహాడీలోనే ఉండి ఉంటే చెదలూ వానలూ ఎన్ని కాగితాలు మిగిల్చేవన్నదీ అడగాల్సిన ప్రశ్నే. భద్రత ఒకరిది, హక్కు ఒకరిది అయినప్పుడు ఈ వాదన ఎటూ తేలదు.

1938 సెప్టెంబరు 25న డెన్మార్క్‌లోని ఓడెన్సేలో బోడింగ్ చనిపోయాడు. ఆరు దశాబ్దాల తర్వాత, 1999లో, ఓస్లో ప్రతులకు ‘సంతాలియా’ పేరుతో సూచీ వెలువడింది. తయారు చేసింది సంతోష్ సోరెన్, ఆయన స్వయంగా సంతాలు. బోడింగ్ పేరు మీద ఉన్న పెట్టెల్లో ఏమేమున్నాయో విడివిడిగా తెలిసింది అప్పుడే. 2003 నాటి 92వ రాజ్యాంగ సవరణతో సంతాలీ ఎనిమిదో షెడ్యూలులో చేరింది. జంషెడ్‌పూర్, మయూర్‌భంజ్ ప్రాంతాల్లో ఇప్పుడు రఘునాథ్ ముర్మూ రూపొందించిన ఓల్ చికీ లిపికి ఆదరణ ఎక్కువ. దుమ్కా వైపు చర్చి వర్గాల్లో రోమన్ లిపి ఇంకా నడుస్తోంది. సాగ్రామ్ రాసిన కథలు ఓల్ చికీలో చదువుకున్న పిల్లలకు అందాలంటే ఓస్లో నుంచి నకళ్లు తెప్పించడం ఒక్కటే చాలదు, లిపి మార్చి అచ్చువేసే పని కూడా ఉంది.