నడివయస్కులకు మరల టీకా యవసరమా?

గోదావరియు, ప్రాణహితయు, అంతర్వాహినియగు సరస్వతియు సంగమించు కాళేశ్వరమున 2025 మే 15వ తేదీ మొదలు 26వ తేదీ వరకు సరస్వతీ పుష్కరములు జరిగినవి. ఆ పండ్రెండు దినములలోనే దేశమున కరోనా మరల తలయెత్తుచున్నదను వార్తలు వ్యాపించినవి. మే 19వ తేదీన దేశమంతటికిని 257గా నున్న రోగుల సంఖ్య జూన్ నెల నడుమకు 7 వేలు దాటెను. విశాఖపట్టణమున నొకరికి, హైదరాబాదు కూకట్‌పల్లిలో నొకరికి వ్యాధి కనబడెనని తెలిసినంతనే జయశంకర్ భూపాలపల్లి, మహబూబాబాదు, జనగామ జిల్లాలనుండి పుష్కరస్నానమునకు బయలుదేరుచున్న కుటుంబములలో నొక ప్రశ్న పుట్టెను. నలువది, ఏబది ఏండ్ల వయసున నుండి, నిత్యమును పొలమునకో దుకాణమునకో పోవుచున్న ఆరోగ్యవంతులు మరల టీకా వేయించుకొనవలెనా? యాత్రకు ముందు పరీక్ష చేయించుకొనవలెనా? పుష్కరములు ముగిసినవి, రోగపు వెల్లువయు తగ్గినది, ప్రశ్న మాత్రము తీరలేదు. 2027వ సంవత్సరమున గోదావరి పుష్కరములు రానున్నవి గనుక తొందర లేని సమయముననే దీనిని విచారించుట మేలు.

మా యభిప్రాయమును మొదటనే చెప్పెదము. పూర్వము టీకా మోతాదులు పొంది, ఒకటి రెండు పర్యాయములు ఆ జ్వరమును కూడ అనుభవించి, మఱి యే దీర్ఘవ్యాధియు లేని నడివయస్కునకు ఏటేట టీకా యక్కరలేదు. ఒడలిలో నే బాధయు లేనివానికి పరీక్షయు నక్కరలేదు. అయితే "ఏ దీర్ఘవ్యాధియు లేని" యను మాట మన జిల్లాలలో నెందఱికి నిజముగా వర్తించునో, అదియే అసలు ప్రశ్న. దానికి పిమ్మట వచ్చెదము.

కరోనా పుట్టినది మొదలు తెలంగాణమున మూడు పుష్కరములు జరిగినవి. ఈ మూడింటిని ప్రక్కప్రక్కన నుంచి చూచినచో వ్యాధికిని మనకును గల సంబంధ మెట్లు మాఱినదో తెలియగలదు. 2020 నవంబరులో తుంగభద్రా పుష్కరములు వచ్చుసరికి టీకా యింకను ప్రజలకు అందలేదు. అలంపురమునకు యాత్రికులు బెదరుచు వచ్చిరి. ఆంధ్రప్రదేశ ప్రభుత్వమువారు తమ గట్టున నదిలో మునుగుటనే నిషేధించిరి. ఆచారపరులు కొందఱు నొచ్చుకొనిరి గాని, ఆనాటి కట్టడి న్యాయమైనదని మే మనుకొనుచున్నాము. ఆ వ్యాధిని మునుపెన్నడు నెఱుగని దేహములు లక్షలకొలది ఒక్కచో చేరుట ఎండుగడ్డిలో నిప్పు వేయుటయే.

రెండవది 2022 ఏప్రిల్ 13వ తేదీన ఆరంభమైన ప్రాణహిత పుష్కరము. కాళేశ్వరమున, అర్జునగుట్టవద్ద, ఆవల మహారాష్ట్రమునకు చెందిన సిరోంచలో జనులు మునిగిరి. అందులకు మూడు దినములు ముందుగా, ఏప్రిల్ 10వ తేదీన, పదునెనిమిదేండ్లు నిండిన వారందఱకును మూడవ మోతాదు ప్రైవేటు కేంద్రములలో లభించునట్లు కేంద్రప్రభుత్వము ఏర్పాటు చేసెను. మందు వెల 225 రూపాయలు. వేసినందులకు కూలి 150 రూపాయలకు మించరాదు. పట్టణవాసికి ఇది పెద్ద మాట కాదు. మహాముత్తారము, పలిమెల అడవిపల్లెలలో ప్రైవేటు ఆసుపత్రు లెక్కడివి? జూలై 15వ తేదీనుండి 75 దినములపాటు దానిని ఉచితము చేసిరి. అయినను జనులు కదలలేదు. దేశమున వేసిన 220 కోట్ల మోతాదులలో మూడవ మోతాదులు ఇంచుమించు పదవవంతు మాత్రమే. దీనిని ప్రజల యజ్ఞానమని తేల్చిన పండితులు కలరు. మేమట్లు తలంపము. అప్పటికి ఇంటింటను జ్వరము వచ్చి పోయినది. 2022 ఆరంభమున జాతీయ పోషకాహార సంస్థవారు రాష్ట్రమందలి 33 జిల్లాలలోను రక్తమును పరీక్షించి చూడగా నూటికి సుమారు 93 మందియందు ఆ వ్యాధికి విరుగుడు పదార్థము కానవచ్చినది. లెక్క తెలియకున్నను, తన యింటిలో జరిగినది రైతునకు తెలియును.

ఇచట శాస్త్రవిషయమును కొంచెము విప్పి చెప్పవలసియున్నది. టీకా వలన గాని, వ్యాధి వలన గాని దేహమున రెండు విధములగు రక్షణ లేర్పడును. రక్తములో తిరుగు విరుగుడు పదార్థము మొదటిది. ఇది చేనిలో నిలిచిన పైరువంటిది, కొన్ని నెలలకు తగ్గిపోవును. శత్రువును గుర్తుంచుకొను కణములు రెండవది. ఇవి గాదెలో దాచిన విత్తనమువంటివి. పైరు పోయినను విత్తనమున్నంతకాలము మరల పండించుకొనవచ్చును. అందుచేతనే మరల మరల జలుబు, జ్వరము వచ్చుచున్నను ఆరోగ్యవంతుడు ప్రాణాపాయమున పడుట అరుదైనది. క్రొత్త మోతాదు మరల పైరును మొలిపించును గాని అదియు కొన్ని నెలలపాటే. ముదుసలివానికి ఆ కొన్ని నెలలును విలువైనవే. ఏలయన వాని గాదెలో విత్తనము పలుచన. నలువదియైదేండ్ల దృఢకాయునకు దానివలన లాభము స్వల్పము.

ఇది మేము కల్పించిన వాదము కాదు. ప్రపంచారోగ్యసంస్థ సలహాసంఘమువారు 2023 మార్చిలో జనులను మూడు తరగతులుగా విభజించి, ఆరోగ్యవంతులగు నడివయస్కులకు ఆరంభపు మోతాదులును, వానిపై నొక్క అదనపు మోతాదును చాలునని, అటుపిమ్మట వేయుట ప్రమాదము కాకున్నను, లాభము తక్కువ గనుక క్రమముగా వేయనవసరము లేదనియు చెప్పిరి. ఇంగ్లండువారు 2022 శరత్కాలమున ఏబదేండ్లు దాటినవారికందఱకును వేసిరి. మరుసటి సంవత్సరమునకు ఆ వయసును 65కు పెంచిరి. 2025 శరత్కాలమునకు 75కు పెంచిరి. అమెరికాలో 2025 ఆగస్టున క్రొత్త టీకాలకు అనుమతి నిచ్చునపుడు 65 ఏండ్లు దాటినవారికిని, అంతకు చిన్నవారిలో ఏదేని వ్యాధి కలవారికిని పరిమితము చేసిరి. ఆ దేశమున ఈ నిర్ణయము రాజకీయ కలహముతో కలిసిపోయినది. కుటుంబవైద్యుల సంఘమువారు వయోజనులందఱకును వేయవలెననియే పట్టుపట్టిరి. కావున వైద్యలోకమంతయు నేకగ్రీవముగా నున్నదని మేము చెప్పుట లేదు.

డల్లసునుండియో, న్యూజెర్సీనుండియో కుమారుడు ఫోనుచేసి "నాన్నగారూ, మీ రీ యేటి బూస్టరు వేయించుకొంటిరా?" యని యడుగుట మన పట్టణములలో పరిపాటియైనది. తండ్రి వరంగల్లు వచ్చి వాకబు చేయును. కుమారుని ప్రేమను మేము కాదనము. కాని యతడు చెప్పు టీకా వేఱు, మన గ్రామములలో వేసిన టీకా వేఱు. అచట ఏటేట మాఱుచున్న రోగజాతి ననుసరించి మందును మార్చుచున్నారు. మనకు విస్తారముగా నందిన కోవిషీల్డు, హైదరాబాదున భారత్ బయోటెక్ వారు చేసిన కోవాగ్జిను, బయొలాజికల్ ఇ వారి కార్బెవాక్సు, ఇవన్నియు 2020లో తొలుత కానవచ్చిన రోగజాతికి చేయబడినవి. మన తెలుగుగడ్డమీద తయారైన మందులు దేశమును కాపాడినవని గర్వించుటకు మనకు హక్కు కలదు. ఆ గర్వముచేతనే చెప్పుచున్నాము: అవి చేయవలసిన పనిని చేసి ముగించినవి. 2023 ఏప్రిల్‌లో రాష్ట్రప్రభుత్వమువారు కార్బెవాక్సును మూడవ మోతాదుగా మరల వేయించిరి. అది పొందినవారు పొందిరి. పరదేశపు పంచాంగమును చూచి మన యింటి ముహూర్తమును పెట్టుకొనుట తగదు.

"ఇక నక్కరలేదు" అనునది ఒక మాట. "ఎన్నడు నక్కరలేకుండెను" అనునది వేఱొక మాట. ఈ రెండింటిని కలిపివేయువారు పెరుగుచున్నారు. ఇది మమ్ము మిగుల కలతపెట్టుచున్నది. నడివయస్కు డొకడు గుండెయాగి చనిపోయినచో, దినకర్మలు కాకమునుపే టీకామీద నింద మోపుట యలవాటైనది. భారత వైద్య పరిశోధన మండలివారు 18 మొదలు 45 ఏండ్ల వారి ఆకస్మిక మరణములను పరిశోధించి, టీకా యందులకు కారణము కాదనియు, పూర్వము కరోనాతో ఆసుపత్రి పాలగుట, కుటుంబమున నట్టి మరణములుండుట, మితిమీరిన మద్యపానము మొదలగునవే యపాయమును పెంచునవనియు 2023లో ప్రకటించిరి. కోవిషీల్డు జాతి టీకావలన రక్తము గడ్డకట్టు వ్యాధి యత్యంతము అరుదుగా వచ్చునన్నది సత్యమే. దానిని దాచవలసిన పని లేదు. కాని 2021 వేసవిలో శ్వాస యందక ఒరిగినవారిని కన్నులార చూచిన జనులు, ఆ టీకాయే శత్రువని చెప్పుకొనుట కృతఘ్నత. ఈ పుకారు వ్యాపించినచో నష్టపడునది కరోనా టీకా కాదు. రేపు పసిబిడ్డకు తట్టు టీకా వేయించుటకు వచ్చు ఆశా కార్యకర్త యెదుట తలుపు మూసికొనును.

ఇక పరీక్షల విషయము. 2020 జూన్‌లో మన రాష్ట్రమున ప్రైవేటు ఆర్టీపీసీఆర్ పరీక్షకు 2,200 రూపాయలు వెల కట్టిరి. ఆ సంవత్సరాంతమునకు 500కు దించిరి. ఆనాడు పరీక్షకు ప్రయోజన ముండెను, రోగిని వేఱుపఱచినచో రోగము నిలిచెడిది. రోగము ఊరూరను వ్యాపించిన పిమ్మట, 2022 జనవరిలోనే, పరిశోధన మండలివారు లక్షణములు లేనివారికి పరీక్ష యక్కరలేదనియు, రోగితో మెలగినవారిలో కూడ వృద్ధులకు, దీర్ఘరోగులకు మాత్రమే చేయవలెననియు చెప్పిరి. నదిలో మునుగుటకు ధ్రువపత్రము చూపుమనుట నేడు వృథావ్యయము. అంతకన్న ముఖ్యమైన దొకటి కలదు. గోదావరి యొడ్డు అడవులలో వానకాలమున జ్వరము వచ్చినచో మొదట చూడవలసినది మలేరియాయు డెంగ్యూయు. కరోనా లేదని చీటీ తెచ్చుకొని ధైర్యముగా పండుకొన్నవాడు మలేరియాతో ప్రాణము పోగొట్టుకొనవచ్చును. జ్వరము మూడు దినములు దాటిన, ఆయాసము కలిగిన, ఇంట ముదుసలి లేక గర్భిణి యున్న, అప్పుడు పరీక్ష చేయించుకొనుట వివేకము. వృద్ధునకు వ్యాధి తెలిసినచో లక్షణములు పుట్టిన 5 దినములలోగా నీయదగిన మందులు కలవు గనుక, వాని విషయమున ఆలస్యము చేయరాదు.

ఇప్పుడు మొదట విడిచిన ప్రశ్నకు వత్తము. ఆరోగ్యవంతు డెవడు? మన భూస్వాములును వర్తకులును "నాకేమి, రాయివలె నున్నాను" అందురు. వారిలో ఎన్నడైనను రక్తపుపోటు చూపించుకొన్నవా రెందఱు? 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో తెలంగాణమున పదునైదేండ్లు దాటిన పురుషులలో నూటికి సుమారు ముప్పదిమందికి, స్త్రీలలో సుమారు ఇరువదియైదుగురికి రక్తపుపోటు ఎక్కువగా కనబడినది. చక్కెరవ్యాధి పట్టణములను దాటి పల్లెలకు చేరినది. భూపాలపల్లి బొగ్గుగనులలో దిగి ధూళి పీల్చినవాని ఊపిరితిత్తులు, చుట్టబీడీలతో నిండిన రైతు ఊపిరితిత్తులు వయసుతో నిమిత్తము లేకుండ ముదిసినవి. ఇట్టివానికి నలువదియైదు వచ్చినను వైద్యుని లెక్కలో అతడు దుర్బలుల పంక్తిలోనివాడే. అతడు వైద్యు నడిగి టీకా విషయమును తేల్చుకొనవలెను. తన ఆరోగ్యమును తానే ధ్రువపఱచుకొన్నవానికి మా పైవాక్యములు వర్తింపవు. గ్రామమున రక్తపుపోటు చూచుటకు పట్టుకాలము అయిదు నిమిషములు, ఖర్చు లేదు.

అఱువదియైదు దాటినవారిని, మూత్రపిండముల వ్యాధిచే డయాలిసిస్ పొందువారిని, క్యాన్సరు చికిత్సలో నున్నవారిని గూర్చి మా మాట వేఱు. వారికి మోతాదు కావలెనన్నప్పుడు దొరకవలెను. దొరకనిదానిని వేయించుకొనుమని చెప్పుట పరిహాసము. ప్రభుత్వమువారు అందఱకును వేయు పనిని మానుట సరియే. ఆ మానుటలో నిజముగా నవసరమైన కొద్దిమందిని కూడ మఱచుట సరికాదు. నడివయస్కులు విడిచిపెట్టిన మోతాదులు వృద్ధులకు చేరవలెనన్నదే మా వాదములోని సారము. వరంగల్లు మహాత్మాగాంధీ ఆసుపత్రిలోను, ప్రతి జిల్లా ఆసుపత్రిలోను అట్టివారి కొఱకు క్రొత్త రోగజాతికి తగిన మందును కొంచెమైనను నిలువయుంచి, ఆ సంగతిని తెలుగులో ప్రకటింపవలెను.

2027 పుష్కరములకు కాళేశ్వరమున ఘట్టములు, రహదారులు, స్నానపు గదులు ఎన్నియో కట్టెదరు. వైద్యశిబిరములను గూర్చి అధికారులకు మా విన్నపము. ముక్కున పుల్లపెట్టి తీయు బల్లలను తగ్గించి, రక్తపుపోటు, చక్కెర చూచు బల్లలను ప్రతి ఘట్టమునను పెట్టుడు. 2015 జూలై 14వ తేదీన రాజమహేంద్రవర పుష్కరఘట్టమున ఇరువదిమందికి పైగా ప్రాణములు కోల్పోయినది త్రొక్కిసలాటలో; రోగబీజముచే గాదు. గుండెనొప్పి వచ్చినవానిని మహాదేవపురము దాటించి నూఱు కిలోమీటర్లకు పైబడిన వరంగల్లుకు చేర్చుటకు జనసమ్మర్దములో దారి విడిచియుంచుడు. ఎక్కడెక్కడి పల్లెలనుండియో, వైద్యునిముఖ మెన్నడు చూడని నడివయస్కులు లక్షలమంది తమంతట తామే వచ్చి వరుసలో నిలుచుందురు. వారి చేతికి ఒక పట్టీ చుట్టి లెక్క వ్రాసి యిచ్చుటకు అంతకన్న మంచి యవకాశము పండ్రెండేండ్లవఱకు మరల రాదు.