ఎంకికి మాటలు అక్కర్లేదు

పుదుచ్చేరిలో కవుల ఇళ్లు వెతుక్కోనక్కర్లేదు. ఈశ్వరన్ ధర్మరాజా కోయిల్ వీధిలో సుబ్రహ్మణ్య భారతి ఉన్న ఇల్లు, పెరుమాళ్ కోయిల్ వీధిలో భారతీదాసన్ ఇల్లు రెండూ ఇప్పుడు మ్యూజియాలే. భారతీదాసన్ రాసిన ‘ఎదిర్‌పారాద ముత్తం’ కావ్యాన్ని 1950లో మోడరన్ థియేటర్స్ వారు ‘పొన్ముడి’గా తీశారు. దర్శకుడు ఎల్లిస్ ఆర్. డంగన్ అమెరికావాడు. పదిహేనేళ్లు తమిళ సినిమాలు తీసి కూడా ఆ భాష నేర్చుకోలేదు. ఆ పద్యాల నాదం ఆయన చెవికెక్కే వీలే లేదు. ఎవరు ఎటు చూశారు, ఎవరి చెయ్యి ఎక్కడ ఆగింది, అంతవరకే ఆయనకు దక్కిన కావ్యం. పొన్ముడి పల్లెకథ కాదు, ముత్యాల వర్తకుల ఇళ్ల ప్రేమకథ. మాటలూ పాటలూ దండిగా ఉన్న టాకీ కూడా. అయినా డంగన్ ఇరుకున పడ్డ ఆ చోటు నుంచే నా వాదన మొదలవుతుంది. పల్లె కవిత్వాన్ని తెరకెక్కించేవాడు ముందుగా వదులుకోవలసింది మాటనే.

ఆ పని నిజంగా చేసి చూపిన సినిమా ఒకటుంది. అమెరికాలో ఇండియానా కవి జేమ్స్ విట్‌కమ్ రైలీ తన ప్రాంతపు పల్లెయాసలో రాసిన ఈతగుంట కవిత 1883లో పుస్తకంలోకి ఎక్కింది. అందులో కథంటూ లేదు. వంగి నీళ్లలో తన మొహం తానే చూసుకున్న పిల్లవాడు, పెద్దయి వచ్చేసరికి అదే చోట రైలు వంతెన. 1921లో జోసెఫ్ డి గ్రాస్ దాన్ని ‘ది ఓల్డ్ స్విమ్మిన్ హోల్’ పేరుతో మూకీగా తీశాడు. మామూలు మూకీలో మధ్యమధ్య అక్షరాల పలక వచ్చి కథ చెప్పి పోతుంది. ఇందులో ఆ పలకలు కూడా లేవు. కవిత నుంచి పుట్టిన సినిమాకు కవి పాదాలే పలకల మీద వేసుకోవడం ఎంత సులువు! ఆ ఆశ చంపుకున్నారు. బడిపిల్లవాడు ఎజ్రాగా నటించిన చార్లెస్ రేకి అప్పటికి దాదాపు ముప్పై ఏళ్లు. మన తెర మీది కాలేజీ కుర్రాళ్లను చూసినవారికి ఇదేమీ వింత కాదు. తనను పట్టించుకోని పిల్ల వెనక వాడు తిరుగుతుంటే ఆ బాధ చెప్పడానికి వాక్యం ఎందుకు?

అదే 1921లో రఘుపతి వెంకయ్య, ఆయన కొడుకు ప్రకాశ్ మద్రాసులో ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీశారు. నాలుగేళ్లకు పల్లెపిల్ల ఎంకి ప్రేమను పల్లెయాసలో పాడిన నండూరి సుబ్బారావు ‘ఎంకి పాటలు’ అచ్చయింది. పురాణాల వెంటపడ్డ మన మూకీలు ఆ పుస్తకం వైపు చూడలేదు. 1932లో ‘భక్త ప్రహ్లాద’ వచ్చి తెలుగు తెర మాట్లాడటం మొదలెట్టాక ఇక ఆగిందే లేదు. యాస తీసేస్తే ఎంకిలో ఏం మిగులుతుందని సాహిత్యాభిమానులు అడుగుతారు. గట్టి ప్రశ్నే, ఆ పాటల పేరంతా ఆ పలుకుబడి మీదే నిలిచింది మరి. కానీ యాస పుస్తకంలో భద్రంగా ఉంది, పాడే గొంతుల్లో ఉంది. సినిమాకెక్కిన యాస గతి చూడండి, ఎన్నో ఏళ్లుగా అది హాస్యగాడికి రాసిచ్చిన ఆస్తి. ఎంకి ప్రియుడు నాయుడుబావ నోరు విప్పగానే హాల్లో నవ్వు పుడితే తప్పు ప్రేక్షకుడిది కాదు. పైగా ఆ పాటల్లో కంటికి దొరికేది తక్కువేం లేదు. దీపం ఆర్పేయమని ఎంకిని అడిగే పాట ఒకటుంది. పూరింట్లో ప్రమిద, దాని పక్కన వెలుగు పడిన సగం మొహం, ముందుకొచ్చి ఆగిన చెయ్యి, ఊదాక సన్నగా లేచే పొగ. ఆ చీకటి మీద ఏ మాట వేసినా ఎక్కువే.

ఈ కాలంలో మూగసినిమా ఎవరు చూస్తారన్నది వ్యాపారం ప్రశ్న. 1987లోనే సింగీతం శ్రీనివాసరావు తీసిన ‘పుష్పక విమానం’ దానికి జవాబు చెప్పింది. మాటల్లేవు కనక కన్నడంలో ‘పుష్పక విమాన’గా, తమిళంలో ‘పేసుం పడం’గా డబ్బింగ్ బెడద లేకుండా తిరిగింది. అది నగరం కథ, నిజమే. అయితే నాట్లు వేసే వంగుడూ, వల విసిరే ఒడుపూ చూసి తెలుసుకునేవేగాని చెబితే తెలిసేవి కావు. మాట వద్దంటున్నానే గాని నీటి చప్పుడూ, వాద్యమూ వద్దనడం లేదు. పాత మూకీలకూ హాల్లో వాయిద్యగాళ్లు ఉండేవారు. ఇందుకు పుదుచ్చేరిని మించిన చోటు దొరకదు. ఒకే ప్రభుత్వం కింద పుదుచ్చేరి, కారైకాల్‌లో తమిళం, మాహేలో మలయాళం, యానాంలో తెలుగు, వీటికి తోడు ఫ్రెంచి. సబ్‌టైటిల్ ఏ భాషలో వేసినా మిగతావాళ్లకు అలకే. ఏటా చలనచిత్రోత్సవం జరిపే ఆ ప్రభుత్వం, యానాం దగ్గర గౌతమి ఒడ్డున ఎంకిని తీసేందుకు ఒక కుర్ర దర్శకుడికి కాస్త సొమ్ము ఇవ్వొచ్చు. మాటల రచయిత పద్దు ఎలాగూ ఉండదు.