డెస్క్‌టాప్‌ను సింగారించుకోండి, సిస్టమ్ ఫైలు మీద చెయ్యి మాత్రం వెయ్యకండి!

బళ్లారి కౌల్‌బజారులో, బ్రూస్‌పేటలో, మోకాలో, రూపనగుడిలో, సిరుగుప్పలో జెరాక్స్ మిషను పక్కన కంప్యూటరు పెట్టుకుని బతికే అన్నలారా, అక్కలారా! హాస్టలు రూముల్లో తెల్లవార్లూ విండోస్‌కు వేషాలు మార్చే తమ్ముళ్లారా, చెల్లెళ్లారా!

ఇది పార్టీ కాగితం కాదు. ఓటు అడగం, చందా అడగం. చదివినాక వేరుశనక్కాయలు పొట్లం కట్టుకున్నా మాకు అభ్యంతరం లేదు, ముందు చదవండి.

అడిగేది ఒక్కటే. స్క్రీను అందంగా కనబడాలని, విండోస్ తాళం వేసి దాచుకునే సొంత ఫైళ్లను విప్పి, కోసి, యాడనో దొరికిన ఫైలు తెచ్చి అక్కడ పెట్టే పని మానండి. మీ షాపుకు వచ్చే సర్వీసు పిల్లోడితో కూడా మానిపించండి.

ఈ సరదా పాతదే. ఎక్స్‌పీ కాలంలో స్టార్ట్ బటన్ మీద షాపు పేరో, హీరో పేరో, మనసుపడిన పిల్ల పేరో రాసుకోవడం పెద్ద గొప్ప. దానికి ఎక్స్‌ప్లోరర్ ఫైలునే రిసోర్స్ హ్యాకర్‌లో తెరిచి అక్షరాలు మార్చేవాళ్లు. లాగిన్ తెర మారాలంటే లాగన్‌యూఐ ఫైలు. కంప్యూటరు లేచేటప్పుడు కనబడే బొమ్మ మారాలంటే ఇంకా లోపలికి పోయి ఎన్‌టీఓఎస్ కెర్నెల్‌నే మార్చేవాళ్లు. అంటే మిషను ప్రాణం ఉన్న ఫైలు. ఒక్క బొమ్మ కోసం! ఇప్పుడు టాస్క్‌బారు అద్దంలా మెరవాలని, ఫోల్డర్లు మ్యాక్ మాదిరి కనబడాలని యూఎక్స్‌థీమ్, ఇమేజ్‌రెస్, షెల్32 ఫైళ్ల మీద పడుతున్నారు. పేర్లు మారినాయి, పని అదే.

సొంత ఇంట్లో ఆటలాడుకునే కంప్యూటరైతే పాడైనా పాడు ఒక్కరిదే, మేం ఇంత కాగితం ఖర్చు పెట్టేవాళ్లం కాదు. షాపు కంప్యూటరు సంగతి వేరు, మన సరిహద్దు ఊర్లలో మరీను. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రలోకి పోయినాయి, బళ్లారి మైసూరులోకి వచ్చింది. గీత నేల మీద పడింది గాని చుట్టరికాల మీద పడలేదు, ఆస్తుల మీద పడలేదు. అందుకే ఈ పొద్దుకూ ఒకే రైతు మోకా పక్క పొలానికి భూమి సైటులో పహణీ తీసుకుంటాడు, ఆలూరు పక్క పొలానికి మీభూమిలో 1బి, అడంగల్ తీసుకుంటాడు. ఇద్దరు కొడుకుల్లో ఒకరికి కన్నడంలో కుల ధ్రువపత్రం, ఒకరికి తెలుగులో. ఇవన్నీ తీసేది మీ ఒక్క మిషను మీదే. ఆయన ఆధార్ కాపీ మీ డౌన్‌లోడ్స్‌లో ఉంటుంది. ఫోనుకు వచ్చిన ఓటీపీ మీ కీబోర్డు మీదే కొడతారు. ముసలమ్మ పింఛను డబ్బు కోసం వేలు పెట్టే యంత్రం కూడా ఆ మిషనుకే తగిలించి ఉంటుంది. అద్దం లాంటి టాస్క్‌బారు చూసి ఆమె ఒక రూపాయి ఎక్కువివ్వదు. ఆ టాస్క్‌బారు కోసం మీరు తెరిచిన తలుపు నుంచి పోయేది మాత్రం ఆమె డబ్బే.

తలుపు ఎట్ల తెరుచుకుంటుందో చెప్తాం, కొంచెం ఓపిక పట్టండి.

1990లలో ఏ సాఫ్ట్‌వేరు ఎక్కించినా అది వచ్చి విండోస్ ఫైళ్ల మీద తన ఫైళ్లు పరిచేది. ఒకటి పని చేస్తే ఇంకొకటి పడిపోయేది. ఆ గోల పడలేక విండోస్ 2000లో ఫైలు రక్షణ పెట్టినారు. ముఖ్యమైన ఫైలు ఎవరైనా మారిస్తే విండోస్ గమనించి, డీఎల్‌ఎల్‌క్యాష్ అనే ఫోల్డర్లో దాచుకున్న అసలుదాన్ని చప్పుడు లేకుండా తిరిగి పెట్టేది. మార్చి చూసిన వాళ్లకు గుర్తుండే ఉంటుంది, పేరు మార్చిన స్టార్ట్ బటన్ కాసేపటికి మళ్లీ స్టార్ట్ అయి కూర్చునేది. 2007లో విస్టా వచ్చినాక తాళం ఇంకా గట్టిపడింది. ఆ ఫైళ్లకు యజమాని మీరు కాదు, అడ్మినిస్ట్రేటర్ కూడా కాదు. ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్ అనే లోపలి సేవ ఒక్కటే వాటిని రాయగలదు.

ఈ వేషాలు వేసే థీమ్ ప్యాచర్ అనే ప్రోగ్రాము చేసే మొదటి పని ఆ యాజమాన్యం గుంజుకోవడం. టేక్‌ఓన్ అని ఒక కమాండు, ఐకాకిల్స్ అని ఇంకొకటి. ఫైలు మీ పేరుకు మారుతుంది, పూర్తి హక్కు మీకొస్తుంది, కొత్త ఫైలు కూర్చుంటుంది. టాస్క్‌బారు మెరుస్తుంది, అందరూ భలే అంటారు. తరువాత ఆ హక్కును వెనక్కి ఇచ్చేవాడు ఎంతమందిలో ఒకడు? మీకున్న హక్కు మీ పేరు మీద నడిచే ప్రతి ప్రోగ్రాముకూ ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లో వచ్చిన పురుగుకు కూడా.

ఆ ప్యాచర్ యాడ నుంచి వచ్చింది? దాని పక్కన ఒక మాట రాసి ఉంటుంది చూడండి: ముందు యాంటీవైరస్ ఆపండి, తరువాత రన్ చేయండి. ఇంటికొచ్చిన కొత్తమనిషి కుక్కను కట్టెయ్యండి, దీపాలు ఆర్పండి అంటే మనం ఆర్పుతామా?

వీటన్నిటికంటే పెద్ద నష్టం ఇంకోటుంది, దాన్ని మాత్రం ఎవరూ నష్టమనుకోరు. అప్‌డేట్లు చాలాసార్లు అసలు ఫైళ్లను తిరిగి తెస్తాయి. కష్టపడి వేసిన వేషం ఒక్క రాత్రిలో పోతుంది. దాంతో ఏం చేస్తారు? అప్‌డేట్లే ఆపేస్తారు. సర్వీసెస్‌లోకి పోయి డిసేబుల్ కొట్టి, ఇక స్లో కాదన్నా అని గర్వంగా చెప్తారు కూడా. అందం కోసం మొదలైన పని భద్రత మూసెయ్యడం దగ్గర ఆగుతుంది. మా తగాదా అసలు ఇక్కడే.

2017 గుర్తుందా? మార్చి 14న మైక్రోసాఫ్ట్ ఒక రంధ్రాన్ని పూడ్చే అప్‌డేటు ఇచ్చింది. మే 12న ఆ రంధ్రంలో నుంచే వన్నాక్రై అనే పురుగు ప్రపంచమంతా పాకింది. ఫైళ్లన్నీ తాళం వేసి, బిట్‌కాయిన్‌లో డబ్బు కట్టమంది. పక్కనున్న ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లే కొన్ని దాని బారిన పడినాయి. మార్చిలో వచ్చిన అప్‌డేటు వేసుకున్న మిషన్లలోకి ఆ రంధ్రం గుండా అది రాలేకపోయింది. రెండు నెలల తేడా, అంతే.

దానికి ముందు 2010 ఫిబ్రవరిలో ఇంకొక తమాషా. ఒక అప్‌డేటు వేసుకోగానే చాలా ఎక్స్‌పీ మిషన్లు నీలం తెర వేసి లేవనన్నాయి. జనం మైక్రోసాఫ్ట్‌ను తిట్టిపోసినారు. తీరా చూస్తే ఆ మిషన్లలో అలూరియాన్ అనే దొంగ ప్రోగ్రాము ముందే దూరి సిస్టమ్ డ్రైవరు ఫైలును మార్చి పెట్టింది. అప్‌డేటుతో కెర్నెల్ మారేసరికి ఆ మార్పుకు లెక్క తప్పి మిషను కూలింది. అది దొంగ చేసిన మార్పు, మీది సరదాకు చేసిన మార్పు. కింద ఉన్న ఫైలు మారి, దాని మీద మీరు అతికించింది మారకపోతే జరిగేది ఒకటే.

ఇంతవరకూ మిమ్మల్నే అన్నాం. కంపెనీని కూడా అనాలి, లేకపోతే న్యాయం కాదు. విండోస్ 7 స్టార్టర్ అని ఒకటి అమ్మినారు, చిన్న నెట్‌బుక్కుల్లో వచ్చేది. దాంట్లో వాల్‌పేపరు మార్చనిచ్చేవాళ్లు కాదు! డబ్బిచ్చి కొన్నవాడు తన కూతురి ఫొటో వెనక పెట్టుకోలేడు. అట్లాంటప్పుడు ఎవడైనా దొడ్డిదారి వెతుకుతాడు. ఎక్స్‌పీ కూడా తన సంతకమున్న థీములను తప్ప వేరేవాటిని ఒప్పుకునేది కాదు. ఇచ్చింది నీలం, ఆలివ్, వెండి రంగులు, ఇందులోనే సర్దుకో అన్నట్టు. స్వల్ప అడ్జస్ట్ మాడి! మా లెక్కన ఇవి రెండు వేరువేరు తాళాలు. ఫైళ్లను కాపాడే తాళం మన మేలుకే. థీము మీద సంతకం అడిగే తాళంలో కంపెనీ పెత్తనం పాలే ఎక్కువ. అయినా థీము ఫైలు అమాయకమైనదని మాత్రం అనుకోవద్దు. దాని ద్వారా బయటివాడు మిషనులో తన ప్రోగ్రాము నడపగల లోపం ఒకటి బయటపడి, 2013 సెప్టెంబరులో దానికి అప్‌డేటు ఇవ్వాల్సి వచ్చింది.

కోపం ఉంటే కంపెనీకి రాయండి. విండోస్‌లోనే ఫీడ్‌బ్యాక్ హబ్ అని ఉంది, తెలుగులోనే రాయండి. ఆ కోపంతో మన గిరాకీల మిషనును కోయొద్దు. జీన్స్‌కు వాష్ వేసేవాళ్లు మన ఊర్లో వీధికొకరున్నారు, రంగు మార్చడానికి వాళ్లు కుట్టు విప్పడం ఎవరైనా చూసినారా?

కుట్టు విప్పకుండా చేసుకోగలిగింది చాలా ఉంది. వాల్‌పేపరు, రంగులు, శబ్దాలు, మౌసు బాణం, లాక్ తెర అన్నీ సెట్టింగ్స్‌లోనే మారతాయి. ఫోల్డరు మీద, షార్ట్‌కట్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లోకి పోతే ఐకాన్ మార్చుకోవచ్చు, సిస్టమ్ ఫైలుతో పని లేదు. కోటగుట్ట ఫొటో పెట్టుకోండి, బళ్లారి రాఘవ బొమ్మ పెట్టుకోండి, దుర్గమ్మను పెట్టుకోండి. చూపు ఆనని పెద్దవాళ్లకు ఎక్కువ కాంట్రాస్టు థీములు విండోస్‌లోనే ఉన్నాయి. మెనూలు తెలుగులో కావాలంటే భాషల సెట్టింగ్‌లో తెలుగు ప్యాకు దించుకోవచ్చు, కన్నడమూ అట్లనే. ఒకే మిషనులో ఇద్దరు పనిచేస్తే ఇద్దరికీ రెండు ఖాతాలు, ఒకరికి తెలుగు, ఒకరికి కన్నడం.

అక్షరాల గురించి విడిగా చెప్పాలి, డీటీపీ వాళ్లు వినండి. ఎక్స్‌పీతో తెలుగుకు గౌతమి, కన్నడకు తుంగ ఫాంట్లు వచ్చినాయి. తరువాత వాణి, విండోస్ 8 నుంచి నిర్మల. ఈ అక్షరాలు నచ్చకపోతే నచ్చకపోవచ్చు, మాకూ గౌతమి సన్నగానే కనబడేది. అందుకని విండోస్ ఫాంట్ ఫైలును తీసేసి అదే పేరుతో ఇంకొకటి పెట్టొద్దు. కొత్త ఫాంటును కొత్త పేరుతోనే పక్కన ఎక్కించుకోండి. కొరత లేదు. పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ అని, సాక్షాత్తు శ్రీకృష్ణదేవరాయ అని పేర్లున్న యూనికోడు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో పైసా లేకుండా దొరుకుతాయి. 2021 దాకా హంపి మన జిల్లాలోనే ఉండేది. రాయల కొలువంతా మీ ఫాంట్ల జాబితాలోకి దిగుతానంటుంటే దొంగ డీఎల్‌ఎల్ వెనక పడడం ఎందుకప్పా?

ఇంకా తృప్తి లేదా? నరనరం మార్చి చూడాలనే పురుగు తొలుస్తోందా? మంచి పురుగే, చంపుకోవద్దు. ఒక పాత మిషనులో లినక్సు వేసుకోండి. ఎక్స్‌ఎఫ్‌సీఈ, కేడీఈ ప్లాస్మా వంటి వాటిలో థీములు మీ సొంత ఫోల్డర్లోనే కూర్చుంటాయి, సిస్టమ్‌ను ముట్టుకోకుండానే పైనుంచి కింది దాకా రూపం మారిపోతుంది. తెలుగువాళ్లు స్వేచ్ఛ పేరుతో తెలుగులోనే ఒక లినక్సు తయారు చేసినారు. అది కూడా వద్దు, విండోస్‌నే కోస్తానంటే వర్చువల్ మిషనులో కోయండి. కూలితే చెరిపి మళ్లీ మొదలుపెట్టొచ్చు, ఎవరి పహణీ పోదు.

ఇప్పటికే కోసినవాళ్లు కంగారు పడొద్దు. సెలవురోజు ఒక గంట పెట్టండి. ముందు గిరాకీల కాగితాలు, షాపు లెక్కలు వేరే డ్రైవులోకి కాపీ తీయండి. ప్యాచరు తనే పాత ఫైళ్లను తిరిగి పెట్టే దారి ఇచ్చి ఉంటే దాన్ని వాడి, తరువాత ప్యాచరును తీసేయండి. కమాండ్ ప్రాంప్టును అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి మొదట డిస్మ్‌తో రిస్టోర్‌హెల్త్ నడపండి. అది విండోస్ దాచుకున్న అసలు ప్రతులను బాగు చేస్తుంది, దానికి నెట్ కావాలి. ఆ తరువాత ఎస్‌ఎఫ్‌సి స్కాన్‌నౌ. అది మారిన ఫైళ్లను పట్టి అసలువాటిని పెడుతుంది. వరుస తప్పొద్దు, దాచినదే చెడిపోయి ఉంటే దాంట్లో నుంచి తీసి పెట్టేది కూడా చెడ్డదే. చివరికి అప్‌డేట్లు, యాంటీవైరస్ రెండూ తిరిగి ఆన్ చేసి, మిషను తిప్పి లేపండి.

లైట్ అనో, బ్లాక్ ఎడిషన్ అనో పేరుతో ఎవరో కోసి కుట్టిన విండోస్‌నే ఎక్కించుకుని ఉంటే ఈ కమాండ్లను నమ్ముకోవద్దు, దాంట్లో అసలు ప్రతులే తీసేసి ఉండొచ్చు. డేటా తీసుకుని, కంపెనీ సైటు నుంచి దించిన దాంతో మొదటి నుంచి వేసుకోండి. విండోస్ 10 మీదే ఉన్నవాళ్లకు ఇంకొక మాట. 2025 అక్టోబరు 14తో దానికి మామూలు అప్‌డేట్లు ఆగిపోయినాయి. మిషనుకు శక్తి ఉంటే 11కు పోండి, లేకపోతే లినక్సు.

సర్వీసు చేసే తమ్ముళ్లారా, మీకు విడిగా ఒక విన్నపం. గిరాకీ అడగకుండా వాళ్ల మిషనులో మీకు నచ్చిన థీము ఎక్కించి ఇవ్వకండి. అప్‌డేట్లు ఆపి ఇవ్వకండి. ఆపాల్సి వస్తే ఎందుకు ఆపినారో బిల్లు మీద రాసివ్వండి.

గిరాకీలారా, పహణీకి పోయినప్పుడు అన్నా, ఈ కంప్యూటరుకు అప్‌డేట్లు ఆన్‌లో ఉన్నాయా అని ఒక్కమాట అడగండి. ఆధార్ ప్రింటు తీసుకున్నాక మీ కళ్ల ముందే డౌన్‌లోడ్స్‌లో నుంచి చెరిపించి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయించి కదలండి. నామోషీ పడొద్దు, కాగితం మీది.

షాపుల వాళ్లు ఈ కరపత్రాన్ని మానిటరు పక్కన అంటించండి. రాయదుర్గం, గుంతకల్లు, ఆదోని పక్క చుట్టాలున్నవాళ్లు ఈసారి పోయేటప్పుడు నాలుగు కాపీలు తీసుకుపోండి. కన్నడంలోకి తిప్పి అచ్చు వేసేవాళ్లుంటే వేయండి, మమ్మల్ని అడగక్కర్లేదు.

ఇట్లు,
బళ్లారి జిల్లాలో కంప్యూటరు ముందు కూర్చుని బతికే కొందరు తెలుగువాళ్లం