స్పీడు వంద... ఆట మాత్రం నత్తనడక!

సంక్రాంతికి భీమవరం దగ్గర మా అక్కయ్యవాళ్ల ఊరెళ్లాను. రాత్రి భోజనాలయ్యాక మేడమీద గదిలోంచి ఒకటే కేక... 'మళ్లీ చచ్చిపోయా!' అని. కంగారు పడకండి. ఇంటర్ చదివే మా మేనల్లుడు ఫోన్లో ఆట ఆడుతున్నాడు. అంతే! ఎదుటివాడు కనిపించేలోపే వీడి పని అయిపోతోందట. 'మన నెట్ దండగ మామయ్యా, నాన్నకి నువ్వైనా చెప్పు' అన్నాడు.

కింద బావగారి బాధ ఆయనది. 'ముప్ఫై ఎంబీపీఎస్ ప్లాన్ తీయించి వంద పెట్టించాను. నెలనెలా ఎక్కువ కడుతున్నాను. ఇంకా దండగంటాడేమిటయ్యా! ఆ ఫోను తీసుకెళ్లి గోదాట్లో పడేస్తే సరి' అన్నారు.

ఇద్దరి మాటా నిజమే. స్పీడు వందా వస్తోంది. ఆటా నడవడం లేదు. పల్లెల్లో చాలా ఇళ్లలో ఇదే తగువు. ఎందుకంటే మనం కొలిచేది ఒకటి, ఆటకు కావలసింది మరొకటి.

కాలువ వెడల్పు... శివారు చేను

బావగారిది శివారు పొలం. అందుకే ఆయన భాషలోనే చెప్పాను. కాలువ ఎంత వెడల్పయితే అన్ని నీళ్లు పడతాయి. కానీ తూము ఎత్తాక శివారు చేలోకి నీళ్లు ఎప్పుడు చేరతాయన్నది వేరే లెక్క. ఎంబీపీఎస్ అంటే కాలువ వెడల్పు. మనం మీట నొక్కిన కబురు ఆట నడిపే సర్వర్‌కు చేరి, జవాబు తిరిగి రావడానికి పట్టే సమయమే 'పింగ్'. దీన్ని మిల్లీసెకన్లలో, అంటే సెకనులో వెయ్యో వంతుల్లో కొలుస్తారు.

సినిమాకు వెడల్పు కావాలి. కాస్త ముందుగానే నింపుకుని చూపిస్తుంది కాబట్టి ఆలస్యం తెలియదు. ఆటలో ఆ వీలు లేదు. పింగ్ 50 లోపుంటే హాయి. 100 దాకా సర్దుకోవచ్చు. 150 దాటితే కాల్పుల ఆటల్లో ఓటమే. అన్నిటికన్నా చెడ్డది నిలకడ లేకపోవడం. ఇప్పుడు 40, మరుక్షణం 300 వస్తే ఎంతటి ఆటగాడైనా చేతులెత్తేస్తాడు.

ఇంకో సంగతి... ఫోన్లో ఆడే ఆటకు డేటా పెద్దగా అక్కర్లేదు. చాలా ఆటలకు గంటకు ఒకటి రెండు వందల ఎంబీ మించదు. పెద్ద ప్లాన్ పనికొచ్చేది ఆటను దించుకునేటప్పుడే. కంప్యూటర్‌లో ఆడే 50 జీబీ ఆటను దించుకోవడానికి 30 ఎంబీపీఎస్‌లో మూడు గంటల నలభై నిమిషాలు పడితే, 100లో గంట దాటి కొద్ది నిమిషాలు. రాత్రి పెట్టి పడుకుంటే ఆ తేడా కూడా తెలియదు!

ఏది మేలు?

ఫైబర్ ఉంటే రెండో ఆలోచన వద్దు. గాజు తీగలో వెలుగు మిల్లీసెకనుకు దాదాపు 200 కిలోమీటర్లు వెళ్తుంది. 'వాలరెంట్' వంటి ఆటలకు ముంబయిలోనే సర్వర్లున్నాయి. ఆటలో సర్వర్ ఎంచుకునే వీలుంటే దగ్గరున్నదే పెట్టుకోండి. సింగపూర్ పెడితే కబురు సముద్రం దాటి వెళ్లి రావాలి కదా! పల్లెలకు ఫైబర్ తెచ్చే పని 2011లోనే మొదలైంది. భారత్‌నెట్ పంచాయతీల దాకా తీగ లాగింది. మన దగ్గర ఏపీ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా ఊళ్లలోకి వచ్చింది. అయితే పంచాయతీ ఆఫీసు దాకా వచ్చిన తీగ మీ వీధిలోకీ వచ్చిందా అన్నదే అసలు ప్రశ్న.

ఫైబర్ లేకపోతే తర్వాతి స్థానం 5జీతో ఇంటికిచ్చే ఎయిర్‌ఫైబర్‌ది. 2023 నుంచీ అందుబాటులోకి వచ్చింది. టవర్ దగ్గరగా ఉండి, కొబ్బరిచెట్లూ మేడలూ అడ్డం లేకపోతే బాగానే పనిచేస్తుంది. ఆ తర్వాత 4జీ. పొద్దున్న బాగుండి, సాయంత్రం ఊరంతా ఫోన్లు పట్టుకునేసరికి చతికిలబడుతుంది. ఒకే కాలువ, వంతులు ఎక్కువ!

ఉపగ్రహాల్లో రెండు రకాలు. భూమికి 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉండే పాత రకంలో కబురు పైకీ కిందికీ నాలుగుసార్లు తిరగాలి. అందుకే అర సెకను పోతుంది. స్పీడు ఎంత చెప్పినా ఆటకు పనికిరాదు. స్టార్‌లింక్ ఉపగ్రహాలు సుమారు 550 కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతాయి కాబట్టి ఆ తిప్పలు తక్కువ. దానికి మన దేశంలో 2025 జూన్‌లో లైసెన్సు వచ్చింది. అయితే తీగ వచ్చిన ఊళ్లో దాని అవసరం ఉండదు.

డబ్బు కట్టేముందు...

* అదే కనెక్షన్ ఉన్న పక్కింటికి రాత్రి ఎనిమిది, పది మధ్య వెళ్లి ఆటలో పింగ్ ఎంత చూపిస్తోందో చూడండి. పొద్దున్న చూస్తే లాభం లేదు.

* గడ్డి ట్రాక్టరు తీగ తెంపితే ఎన్నాళ్లకు అతుకుతారో అడగండి. జవాబు ఆపరేటర్‌ను కాదు, వాడుతున్నవాళ్లను అడగాలి.

* కరెంటు పోతే? ఫైబర్ పెట్టెకు కరెంటు కావాలి. చిన్న యూపీఎస్ పెట్టుకోవచ్చు. కానీ ఆపరేటర్ దగ్గర బ్యాటరీ లేకపోతే మీ యూపీఎస్ వృథానే.

* తీగ బిగించేటప్పుడు మీటరులో వెలుగు ఎంత వస్తోందో చూపించమనండి. మైనస్ 25 డీబీఎం దాటి మైనస్ 27కు దగ్గరవుతుంటే అతుకులు మళ్లీ వేయించాలి.

* తగ్గింపు ఉందని ఒకేసారి ఏడాదికి కట్టకండి. ఒక నెల చూసి, తర్వాత ఆలోచించండి.

తప్పు ఇంట్లోనే!

మరి బావగారింట్లో ఫైబరే ఉంది కదా, ఏమైంది? రౌటర్ హాల్లో ఇనప బీరువా వెనక ఉంది. పిల్లవాడు మేడమీద. మధ్యలో శ్లాబు. పైగా రోజూ రాత్రి అక్కయ్య సీరియల్ చూసే వేళకే అందరి ఫోన్లూ పెళ్లి వీడియోలు నెట్‌లో దాచుకోవడం మొదలెడుతున్నాయి. పైకి వెళ్లే దారి ఇరుకు. అది నిండిపోతే ఆట కబుర్లు వెనక క్యూలో నిలబడాలి. పింగ్ చూస్తే 240!

రౌటర్‌ను బయటికి తీశాం. లాన్ తీగ లాగి పైగదిలో ఇంకో చిన్న రౌటర్ పెట్టాం. వైఫై 5 గిగాహెర్ట్జ్‌కు మార్చాం. వీడియోలు దాచుకోవడం అర్ధరాత్రి తర్వాత జరిగేలా సర్దాం. పింగ్ 38కి దిగింది. ఖర్చు రెండు వేల లోపే.

అప్పుడు అక్కయ్య మెల్లగా ఒక మాట అంది. కిందటి నెల పెద్దమ్మాయి ఇదే గదిలో కూర్చుని ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఇచ్చిందట. మాట తెగిపోతోందని అవతలివాళ్లు రెండుసార్లు చెప్పి కట్ చేశారట. 'సరిగా జవాబు చెప్పి ఉండవు' అని బావగారు ఆ పిల్లనే కోప్పడ్డారట. ఆ మాట విన్నాక ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

మొన్న ఫోన్ చేశారు. ప్లాన్ మళ్లీ ముప్ఫైకి మార్చారట. పెద్దమ్మాయికి ఇంకో ఇంటర్వ్యూ అయిందట. ఈసారి మాట తెగలేదట. 'మరి మనవాడి ఆట?' అన్నాను.

'ఇంకా చస్తూనే ఉన్నాడయ్యా. కాకపోతే ఇప్పుడు నెట్‌ను తిట్టడం లేదు!'