తప్పంతా వారసులదేనా?

సంపాదకులకు,

చనిపోయినవారి షేర్ల గురించి ఆదివారం మీరు వేసిన వ్యాసం చదివాను. డీమాట్ వచ్చాక మోసాలు ఆగిపోయాయట, ఇంకా షేర్లు పోతున్నాయంటే వారసుల అలసత్వమేనట. ఒప్పుకోను.

2016లో సెబీ మార్కెట్‌ నుంచి వెలివేసిన షేర్‌ప్రో సర్వీసెస్ ఊసు అందులో లేదేం? ఎన్నో కంపెనీల వాటాదారుల రిజిస్టర్లు చూసిన ముంబయి సంస్థ అది. ఏళ్లుగా కదలని ఖాతాల్లోని షేర్లు, డివిడెండ్లు హక్కుదారులకు తెలియకుండానే సంస్థలోని వారికి సంబంధించినవాళ్లకు చేరాయని సెబీ ఉత్తర్వు చెప్పింది. ఎవరి డివిడెండు వారెంట్లు తిరిగొస్తున్నాయో ముందుగా తెలిసేది రిజిస్టరు రాసేవాళ్లకే కదా! ఇంట్లో మూలుగుతున్న తల్లిదండ్రుల పాత పత్రాల సంగతి పిల్లలకు తెలిసేది ఆ తర్వాతెప్పుడో.

కాగితపు షేర్ల బదిలీ 2019 ఏప్రిల్ 1 నుంచి ఆగిన మాట నిజమే. కానీ మరణానంతరం వారసుల పేరిట మార్చడానికి ఆ నిషేధం లేదు. దొంగ వారసత్వ పత్రం పుట్టించేవాడికి కావలసింది ఆ సందే.

‘నామినీ ఉంటే చాలు’ అన్నది మరీ విడ్డూరం. నామినీ అయినంత మాత్రాన షేర్లకు యజమాని కాడని 2023 డిసెంబరులో సుప్రీంకోర్టే చెప్పింది.

మన పోర్టు, స్టీల్‌ప్లాంటు రిటైరీల ట్రంకుపెట్టెల్లో పాత షేరు పత్రాలు ఇప్పటికీ ఉంటాయి. వరుసగా ఏడేళ్లు డివిడెండు తీసుకోని షేర్లు కేంద్రం నిర్వహించే మదుపరుల రక్షణ నిధి ఐఈపీఎఫ్‌కు పోతాయనీ, అక్కడ దరఖాస్తు చేసి తిరిగి తెచ్చుకోవచ్చనీ రెండు వాక్యాలు రాసుంటే వాళ్లకు పనికొచ్చేది.

– ఓ విశ్రాంత గుమాస్తా, మర్రిపాలెం, విశాఖపట్నం