నువ్వు ఏ పక్కన ఉన్నావురా?

తుఫాను వస్తోందంటే మనం ఫోన్ తీసి వెతికేది ఒక్కటే: ఎక్కడ తీరం దాటుతుంది? మ్యాప్ మీద మనకో చుక్క కావాలి. ఆ చుక్క మన ఊరికి దూరంగా ఉంటే హమ్మయ్య అనుకుని మళ్లీ రీల్స్‌లోకి వెళ్లిపోతాం. 2022 సెప్టెంబర్ దాకా నేనూ అంతే.

మా టీమ్‌లో ఒకతను అమెరికాలో, ఫ్లోరిడా పడమటి తీరంలోని టాంపాలో ఉంటాడు. సొంతూరు బందరు. ఆ వారం క్యూబా వైపు నుంచి ఇయన్ అనే హరికేన్ వస్తోంది. (హరికేన్ అన్నా తుఫాను అన్నా ఒకటే, సముద్రాన్ని బట్టి పేరు మారుతుందంతే.) సోమవారం కాల్‌లో అతను స్క్రీన్ షేర్ చేసి హరికేన్ సెంటర్ వాళ్ల మ్యాప్ చూపించాడు. ఐస్‌క్రీమ్ కోన్ లాంటి తెల్ల బొమ్మ, దాని మధ్య భాగంలో టాంపా. "దక్షిణాన ఫోర్ట్ మయర్స్‌లో ఫ్రెండ్ ఇల్లుంది, అక్కడికి పోతున్నాం" అన్నాడు. సుమారు 200 కిలోమీటర్ల దూరం, పైగా కోన్ అంచు. మా అందరికీ సబబుగానే అనిపించింది.

ఆ కోన్ ఏంటో తర్వాత చదివాను. గత 5 ఏళ్లలో అంచనాలు ఎంత తప్పాయో లెక్కేసి, మూడింట రెండొంతుల తప్పులు పట్టేంత వెడల్పు పెడతారు. అంటే మూడింట ఒకసారి తుఫాను కేంద్రం దాని బయటికి పోవచ్చు. ఆ ఏడాది వచ్చే ప్రతి తుఫానుకీ అదే కొలత. పాత రిలీజ్‌ల బగ్‌లు లెక్కపెట్టి కొత్త ప్రాజెక్టుకి డెడ్‌లైన్ ఇచ్చినట్టు! గాలి ఎంత దూరం కొడుతుందో, నీళ్లు ఎక్కడికొస్తాయో ఆ బొమ్మలో అసలుండదు.

దానికి తోడు ఫ్లోరిడా పడమటి తీరం తీరే వేరు. ఇయన్ దాదాపు తీరానికి సమాంతరంగా పైకి వెళ్తోంది. ఇరుకు సందులో గోడ పక్కనే బైక్ నడుపుతున్నారనుకోండి. హ్యాండిల్ కాస్త తిరిగినా గోడకి తగిలే చోటు ఎన్నో గజాలు మారిపోతుంది. 2004లో చార్లీ సరిగ్గా అలాగే, టాంపా అనుకుంటే ముందే కుడికి తిరిగి కాయో కోస్టా అనే దీవి దగ్గర ఒడ్డెక్కింది.

మా వాడి ప్లాన్ మార్చింది బందరులో ఉన్న వాళ్ల నాన్నగారు. ఫోన్లో ఆయన అడిగిన ప్రశ్న: "అది ఎక్కడ దాటుద్దో తర్వాత, నువ్వు దానికి ఏ పక్కన ఉన్నావురా?"

1977 నవంబర్ 19న ఆయనకి పదేళ్లు. తుఫాను కేంద్రం దాటింది చీరాల దగ్గర. సముద్రం వచ్చి పడింది కుడి పక్కనున్న దివిసీమ మీద. దాదాపు 5 మీటర్ల ఎత్తున. దాదాపు పదివేల మంది పోయారు. (ఉప్పెన అంటే మనకి సినిమా గుర్తొస్తుంది. ఆయనకి అదొక మధ్యాహ్నం.)

ఇందులో సైన్సు కూడా సింపులే. మన అర్ధగోళంలో తుఫాను గడియారానికి ఎదురు దిశలో తిరుగుతుంది. అది వెళ్లే వైపు ముఖం పెట్టి నిలబడితే, కుడి చేతి వైపు గాలి సముద్రాన్ని ఊళ్ల మీదికి తోస్తుంది. ఎడమ వైపు గాలి నేల మీంచి సముద్రంలోకి పోతుంది. తుఫాను పైకి వెళ్తుంటే ఫోర్ట్ మయర్స్‌కి పోవడమంటే కుడి చేతి వైపుకి పరిగెత్తడమే.

మా వాళ్లు లోపలికి, ఓర్లాండోకి వెళ్లారు. 28 మధ్యాహ్నం ఇయన్ ఒడ్డెక్కింది. చార్లీ ఎక్కిన కాయో కోస్టా దగ్గరే, గంటకి 240 కిలోమీటర్ల గాలితో. టాంపా అఖాతంలో నీళ్లు వెనక్కి పోయి అడుగు బయటపడితే జనం దాని మీద నడిచారు. ఫోర్ట్ మయర్స్ బీచ్‌లో 10 నుంచి 15 అడుగుల ఉప్పెన. ఆ జిల్లాలో ఖాళీ చేయమని చెప్పింది ముందురోజు పొద్దున. ఫ్లోరిడాలో దాదాపు 150 మంది చనిపోయారు.

అలాగని ఎడమ పక్క సేఫ్ అనుకోకండి. వాన లెక్క వేరు. 2023 డిసెంబర్లో మిచాంగ్ దాటింది బాపట్ల దగ్గర, 5వ తేదీన. అంతకుముందే, 3, 4 తేదీల్లోనే చెన్నై మునిగింది. అక్కడున్న మన ఐటీ జనం ఎంతమంది "బాపట్ల కదా" అనుకుని పడుకున్నారో! ఇప్పుడు నేను బులెటిన్‌లో చుక్క వదిలేసి, ఉప్పెన ఏ జిల్లాలకి అన్నారు, భారీ వర్షం ఎవరికి అన్నారు, ఆ రెండు లైన్లు ముందు చదువుతున్నాను.

ఆ మిచాంగ్ రోజున టాంపాలో అర్ధరాత్రి లేచి మా వాడు నాన్నకి ఫోన్ చేశాడట, ఈసారి ప్రశ్న తనది. బాపట్లకి బందరు కుడి పక్కే కదా.

"నిన్ననే బెజవాడ పెద్దమ్మ ఇంటికొచ్చేశాంరా. నువ్వు పడుకో," అన్నారట ఆయన.