వాదనకు మార్కులు ఎలా వేయాలి?

గోదావరికి వరద వచ్చిందంటే అందరి చూపూ ధవళేశ్వరం బ్యారేజీ నీటిమట్టం మీదే. 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఏ మట్టం దగ్గర నది మధ్యనున్న లంక గ్రామాలను ఖాళీ చేయించాలి? ముందే తరలిస్తే పశువులు, పంటల సంగతేమిటి? ఆలస్యమైతే బాధ్యత ఎవరిది? వీటిలో కొలిచి చెప్పగలిగేది కొంత, సమాజం తేల్చుకోవలసింది కొంత. ఆ తేడా పట్టుకోగల పట్టభద్రులను మన డిగ్రీ పరీక్షలు తయారుచేస్తున్నాయా అన్నదే ప్రశ్న.

శాస్త్రీయ దృక్పథాన్ని, ప్రశ్నించే తత్వాన్ని పెంపొందించుకోవడం పౌరుల విధి అని 1976లో రాజ్యాంగంలో చేర్చుకున్నాం. 1991 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఫలితంగా పర్యావరణ అధ్యయనం డిగ్రీలో తప్పనిసరి అయింది. అందుకు యూజీసీ ఇచ్చిన నమూనాలో రాతపరీక్షకు 75 మార్కులు, క్షేత్ర పరిశీలనకు 25. ఆలోచన మంచిదే. ఆచరణలో మాత్రం ఆ 75 గైడు బట్టీకి, ఆ 25 ఒకరి రికార్డు చూసి మరొకరు రాయడానికి జారిపోవడం అధ్యాపకులకు తెలియనిది కాదు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఉన్నత విద్యామండలి 2020-21 బ్యాచ్ నుంచి తెచ్చిన 180 గంటల సామాజిక సేవా ప్రాజెక్టు విద్యార్థిని ఊళ్లోకి పంపింది. సర్వే, లాగ్ బుక్, నివేదిక, ప్రెజెంటేషన్ అన్నీ అందులో ఉన్నాయి. ఎదుటి వాదనను ఎదుర్కొనే ఘట్టం ఒక్కటే లేదు.

అలాంటి ఘట్టం తెలుగునాట ఒకసారి జరిగింది. 2001లో మెదక్ జిల్లాలో ‘ప్రజాతీర్పు’ పేరిట చిన్న, సన్నకారు రైతులు జ్యూరీగా కూర్చున్నారు. అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వ ‘విజన్ 2020’లోని వ్యవసాయ ప్రణాళికపైన, జన్యుమార్పిడి పంటలపైన నిపుణులను ప్రశ్నించి తీర్పు చెప్పారు. ఆ తీర్పు ఎంత నిష్పక్షపాతమన్న వివాదం బ్రిటన్ దాకా వెళ్లింది. సాక్షులను ఎవరు ఎంచారు, ఏ సమాచారం జ్యూరీ ముందు పెట్టారు అన్నవే అక్కడ తగవుకు మూలం. మన విద్యార్థులు నేర్చుకోవలసినవీ, మనం మార్కులు వేయవలసినవీ అవే.

ధవళేశ్వరంలోనే ఒక అంశం తీసుకుందాం. బ్యారేజీ ఎగువన మేట వేసిన ఇసుకను తవ్వి తీయాలా, వద్దా? ‘తవ్వితే నీటి నిల్వ పెరుగుతుంది’ అని ఒక విద్యార్థి అన్నాడనుకోండి. ఏ సంవత్సరం కొలతల ఆధారంగా? వరద మళ్లీ ఎంత మేట తెస్తుంది? దిగువన తీరానికి చేరే ఇసుక మాటేమిటి? పడవల మీద ఇసుక తీసి బతికే కూలీలను అడిగావా? ఈ నాలుగు ప్రశ్నలకు అతను చెప్పే జవాబులోనే చదువు బయటపడుతుంది. వక్తృత్వ పోటీల్లో లాగా గొంతుకూ ధాటికీ మార్కులు వేస్తే అది బయటపడదు.

అందుకే ఇలాంటి చర్చకు మార్కుల గీటురాళ్లు ముందే ప్రకటించాలి: ఆధారాల నాణ్యత, లెక్కను అభిప్రాయం నుంచి వేరుచేయడం, ప్రత్యర్థి వాదనను వక్రీకరించకుండా తిరిగి చెప్పగలగడం, తెలియనిది తెలియదని ఒప్పుకోవడం. కొత్త ఆధారం ఎదురై అభిప్రాయం మార్చుకున్న విద్యార్థికి, ఎందుకు మార్చుకున్నాడో చెప్పగలిగితే, మార్కులు పెరగాలి. మూల్యాంకనం మనిషిని బట్టి మారుతుందన్న అభ్యంతరం న్యాయమైనదే. ఇద్దరు పరీక్షకులుండి, విద్యార్థి తన ఆధారాల పత్రాన్ని ముందే సమర్పిస్తే ఆ బెడద చాలావరకు తగ్గుతుంది.

భాష సంగతీ ఉంది. 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ చదువును ఇంగ్లిష్ మీడియంలోకి మార్చారు. ఈ వాదన మాత్రం తెలుగులో సాగనివ్వాలి. లంక రైతుకు అర్థంకాని భాషలో నెగ్గిన వాదన లంకకు అక్కరకు రాదు.

ఇందుకు కొత్త కోర్సు అక్కర్లేదు. సామాజిక సేవా ప్రాజెక్టు చివర, ప్రెజెంటేషన్ స్థానంలో, ఆ ఊరివాళ్ల సమక్షంలో ఒక బహిరంగ చర్చ పెట్టి మార్కులు వేస్తే చాలు. గోదావరి జిల్లాల కాలేజీలకు దారి చూపుతున్న ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం ధవళేశ్వరం నుంచే దీన్ని మొదలుపెట్టవచ్చు.